పలక ఎవరిది?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



మార్కాపురము పేరు చెప్పగానే అనేకులకు స్ఫురించునది పలక. ఈ చుట్టుపట్ల గనులలోని రాయి పలుచని రేకులుగా చీల్చబడి, కొయ్యచట్రమున బిగింపబడి, దూరదేశముల బడులకు సైతము చేరినది. నోటుపుస్తకములు వచ్చిన పిమ్మట పలకల వాడుక తగ్గినది. అయినను పలకకుగల ధర్మము మరువరానిది. దానిపై వ్రాయువాడును బాలుడే, తుడుచువాడును బాలుడే. ఉపాధ్యాయుడు తప్పు దిద్దవచ్చును. కాని ఏది తప్పో, ఏల తప్పో ఆ బాలునికి చెప్పియే దిద్దును.

నేడు పల్లెపల్లెకు చేతిఫోను అను క్రొత్త పలక వచ్చినది. కంభము చెరువు క్రింది రైతు నీటి సంగతిని ఫేస్‌బుక్‌లో వ్రాయగలడు. ఫ్లోరైడు నీటితో బాధపడు గ్రామపు యువతి తన ఊరి కష్టమును యూట్యూబ్‌లో లోకమునకు చూపగలదు. పూర్వము ఇట్టి మాట నలుగురికి తెలియవలెనన్న విలేఖరి రావలెను, సంపాదకుడు ఒప్పుకొనవలెను. ఇప్పుడు ఆ అడ్డు తొలగినది. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని ఈ పలక వ్రాయువానిది కాదు. దానిని తుడుచు తడిగుడ్డ కంపెనీ చేతిలో నున్నది.

ఈ భేదము ఎంతటిదో తెలియుటకు ఒక పాత వ్యాజ్యమును స్మరింపవలెను. 1950లో మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లా మద్రాసు రాష్ట్రములోనిది. బొంబాయినుండి వెలువడుచుండిన ‘క్రాస్ రోడ్స్’ అను ఆంగ్ల వారపత్రిక తన రాష్ట్రములో ప్రవేశింపరాదనియు, పంచబడరాదనియు మద్రాసు ప్రభుత్వము ఆ యేడు మార్చి 1న ఆజ్ఞ చేసెను. బొంబాయిలో అచ్చువేయుటకు ఆ ఆజ్ఞవలన అడ్డు లేదు. మద్రాసు రాష్ట్రపు పాఠకునికి చేరుటకే అడ్డు. సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టు నాశ్రయించెను. మే 26న జస్టిస్ పతంజలిశాస్త్రి అధికసంఖ్యాక న్యాయమూర్తుల తీర్పు వెలువరించుచు, వాక్స్వాతంత్ర్యమునందు భావప్రచార స్వాతంత్ర్యము కూడ ఇమిడియున్నదనియు, పంపిణీకి వీలులేనిచో ప్రచురణకు విలువ లేదనియు నిర్ణయించెను. ఆజ్ఞ రద్దయినది. మరుసటి సంవత్సరమే రాజ్యాంగ ప్రథమ సవరణచే ప్రజాశాంతి కొరకు సమంజసమైన నిబంధనలకు చోటు కల్పింపబడినది. అయినను తీర్పులోని మూలసూత్రము నిలిచియే యున్నది.

నాడు పంపిణీని ఆపినది ప్రభుత్వము గనుక, పౌరుడు న్యాయస్థానమున నిలిచి ప్రశ్నింపగలిగెను. నేడు ఒక మాట ఎందరికి చేరవలెనో నిర్ణయించునది కంపెనీ నడుపు గణకయంత్రము. ఆ కంపెనీల రాబడిలో అధికభాగము ప్రకటనలవలన వచ్చునది. జనుల చూపును ఎక్కువసేపు నిలుపు మాటకు ముందువరుస దొరకును. కోపము రేపునది ముందునకు వచ్చి, బోరునీటి మొర వెనుకకు పోవచ్చును. ఆ మొర నెవరును తుడువలేదు. అయినను ఎవరును చూడలేదు. వాక్స్వాతంత్ర్యపు 19వ అధికరణము ప్రధానముగా ప్రభుత్వమునకు పగ్గము. ఆ హక్కు ఇతరులపైనను వర్తింపగలదని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము అధికసంఖ్యచే చెప్పినది గాని, సామాన్యునికి ఆ దారి దూరమైనది, ఖర్చుతో కూడినది.

ఈ అధికారము ఎంత గొప్పదో రెండు ఉదాహరణములవలన తెలియును. 2021 జనవరిలో ట్విట్టర్ సంస్థ నాటి అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఖాతాను మూసివేసెను. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ఆ సంస్థను 4,400 కోట్ల డాలర్లకు కొనెను. నవంబరులో ఆ ఖాతా మరల తెరువబడెను. మూయుట న్యాయమా, తెరచుట న్యాయమా అను వాదము అటుండనిండు. రెండును న్యాయస్థానపు విచారణ లేకయే జరిగినవి.

మరియొకటి ఇంటికి దగ్గరిది. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో పుకారు వ్యాపించి, తెలంగాణతోసహా అనేక రాష్ట్రములలో నిరపరాధులు మూకలచేత చంపబడిరి. ఆ జూలైలో వాట్సాప్ ఈ దేశమున ఒక సందేశమును ఒక్కమారు ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసెను. ఆ కట్టడి అవసరమైనదే. కావున తుడుచుటయే నేరమని వాదింపరాదు. అబద్ధము ప్రాణము తీయగలదు. ఎవరు తుడుతురు, ఏ నియమముచే తుడుతురు, తుడిచినవారిని ఎవరు ప్రశ్నింతురు అనునదే అసలు విషయము.

అట్లయిన తడిగుడ్డను ప్రభుత్వమునకే ఇత్తమందురా? ఆ అనుభవమును కలదు. సమాచార సాంకేతిక చట్టపు 66ఏ సెక్షను చిరాకు కలిగించు మాటను సైతము నేరముగా చూచినది. 2012లో ముంబయి సమీపమున ఒక బందును గూర్చి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు వ్రాసినందుకు ఒక యువతియు, వాటిని మెచ్చినందుకు మరియొక యువతియు అరెస్టయిరి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసెను. ఒక యజమాని చేతినుండి మరియొక యజమాని చేతికి గుడ్డ మారినంతమాత్రమున పలక బాలునిది కాదు.

ప్రజలు పూనుకొన్నచో ఫలము లేకపోదు. ఫేస్‌బుక్ తాను అంగీకరించిన కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితముగా చూపు పథకమును ఈ దేశమున ప్రవేశపెట్టినపుడు, టెలికాం నియంత్రణ సంస్థకు పౌరులు లక్షల సంఖ్యలో లేఖలు పంపిరి. 2016 ఫిబ్రవరి 8న ఆ సంస్థ అట్టి భేదభావపు ధరలను నిషేధించెను. 2021 నియమములను అనుసరించి ప్రతి పెద్ద వేదికయు ఫిర్యాదు అధికారిని నియమించి, ఫిర్యాదు అందినట్లు 24 గంటలలో తెలుపవలెను. ఆ నిర్ణయము నచ్చనివారు 30 దినములలోపల అప్పీలు సంఘమునకు మొర పెట్టుకొనవచ్చును. ఈ సంఘములను 2023లో కేంద్రప్రభుత్వమే నియమించినది గనుక జాగరూకత అవసరమే. అయినను ఉన్న మార్గమును తెలిసికొని వాడుకొనుట పౌరధర్మము.

గ్రంథాలయము కూడ పుస్తకములను ఏరుకొనునది. బీరువాలో చోటు పరిమితము. ఏరుట తప్పు కాదు. కాని ఏరినవారెవరో చందాదారులకు తెలియును. పుస్తకముల పట్టిక బల్లపై నుండును. ఫలానా పుస్తకము ఏల లేదని సర్వసభ్య సమావేశమున అడుగవచ్చును. కంపెనీలను కోరవలసినదియు ఇంతే: నియమములు తెలుగులో ఉండవలెను, తుడిచినపుడు కారణము చెప్పవలెను, విన్నపము వినుటకు మనుష్యు డుండవలెను.

ఊరివారు చేయదగిన పనియు ఒకటి కలదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లు నిషేధింపబడినపుడు, దానినే నమ్ముకొనిన పల్లె కళాకారు లెందరో తమ ప్రేక్షకులను ఒక్కనాటితో కోల్పోయిరి. కారణము కంపెనీయైనను, ప్రభుత్వమైనను, పరుల పలకపై వ్రాసినది నిలుచునన్న నమ్మకము లేదు. కావున ఊరి నీటిని గూర్చియో, దారిని గూర్చియో ఫోనులో వ్రాసిన ప్రతి ముఖ్యమైన మాటకును కాగితముపై ఒక ప్రతి తీసి, తేదీ వేసి, ఈ గ్రంథాలయమున భద్రపరుపవలెను. ఇరువదియైదేండ్లుగా వార్తాపత్రికలను దాచిన బీరువాలో ఆ కాగితములకును చోటు దొరకును. అడిగినవారికి చూపుటకు అవి అక్కడ ఉండును.