నిందలేనివారు

తార్నాకను దాటగనే హబ్సిగూడ. నిజాం కొలువునందలి ఆఫ్రికా సైనికులగు హబ్షీలను బట్టి ఆ పేరు వచ్చినదని ప్రతీతి. ఆ పేరు మనలను ఒక గ్రీకు విశేషణము కడకు గొనిపోవును.

ఆఫ్రికాలోని నల్లనివారిని ప్రాచీన గ్రీకులు ఇథియోపులనిరి. కమిలిన మొగమువారని అర్థము. హోమరు 'ఇలియడ్'లో, దేవరాజు జ్యూస్ వారి కడకు విందునకేగెనని చెప్పుచు, వారికి 'అమూమోన్' అను విశేషణము చేర్చెను. నిందలేనివారని నిఘంటువుల అర్థము.

కాని 'ఒడిస్సీ'లో అగమెమ్నోనును చంపిన ఏజిస్తసునకును అదే విశేషణము! హంతకుడు నిందలేనివాడెట్లగును? 1973లో వెలువడిన గ్రంథమున ఆన్ ఏమొరీ పారీ అను విదుషి, ఆ మాటకు తొలి అర్థము 'సుందరుడు' అని వాదించినది.

'మహానుభావుడు' అని మనము మెచ్చియు అందుము, దెప్పియు అందుము. పదమునకు ప్రాణము ప్రయోగమే. ఏ అర్థము గైకొన్నను, ఇథియోపులకది ప్రశంసయే.