జీవశాస్త్రములలో ఉన్నతవిద్య
(రుఆబాంధాలో మన సమాజ వార్షికోత్సవమున చేసిన ఉపన్యాసపాఠము)



మనము ఉక్కునగరవాసులము. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ఇచ్చటి తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి, మన యిండ్లలో పిల్లల చదువును గూర్చిన ఆలోచన రెండు మాటలతో ముగియుచున్నది. లెక్కలు చదివినచో ఇంజనీరు. జీవశాస్త్రము చదివినచో డాక్టరు. మూడవ మాట మనకు తోచదు. వైద్యకళాశాలలో సీటు దొరకని పిల్ల బి.యస్సీ.లో చేరినచో, ఇరుగుపొరుగువారు పరామర్శకు వచ్చినట్లు మాటలాడుదురు.

నేనును అట్టి తండ్రినే. మా అమ్మాయికి వైద్య ప్రవేశపరీక్షలో రెండుమారులు సీటు దక్కలేదు. బి.యస్సీ. ముగించి, ఎం.యస్సీ. చదివెదనని అడిగినపుడు, "ఆ చదువు అన్నము పెట్టునా?" అంటిని. ఆమె బదులు చెప్పక లోనికి పోయినది. ఆ మాటకు నేడు సిగ్గుపడుచున్నాను. ఏలయన, సమాధానము తెలిసికొనకయే ప్రశ్నను రాయివలె విసరితిని. తరువాత తెలిసికొన్నది మీకు విన్నవింతును.

మొదట మనవాని కథ. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు వైద్యము చదివియు, పరిశోధననే వృత్తిగా గైకొనిరి. స్ప్రూ అను వ్యాధి వారి సోదరుల నిరువురను బలిగొన్నది. హార్వర్డులో ఫిస్కేగారితో కలిసి, దేహద్రవములలో ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో ఒకరైరి. అనంతరము లెడర్లీ సంస్థలో వారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది స్ప్రూ చికిత్సకు అక్కరకు వచ్చినది; నేడు గర్భిణులకిచ్చు మాత్రలలోనున్నదియు అదియే. వైద్యుడు వ్రాసియిచ్చు మందు వెనుక, ప్రయోగశాలలో ఏండ్లతరబడి కూర్చున్నవారు ఉందురని మనము మరచుచున్నాము.

అంత దూరమేల? మన పొరుగున రాయపూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున 20,000కు పైబడిన వరి రకములు భద్రముగానున్నవి. డాక్టరు రిఛారియాగారు 1970 దశాబ్దమున సేకరింపజేసిన విత్తనములు ఆ భాండారమునకు మూలము. ఈ ప్రాంతపు కుటుంబములనేకము కొడవలికణ రక్తహీనతతో బాధపడుచున్నవి. దాని నిర్మూలనకై 2023 జూలైలో జాతీయ కార్యక్రమము మొదలైనది. ఈ పనులన్నియు జీవశాస్త్రము చదివినవారి కొరకు ఎదురుచూచుచున్నవి.

ఇక దారి సంగతి. వృక్ష, జంతుశాస్త్రములేగాక జీవరసాయనము, సూక్ష్మజీవశాస్త్రము, జన్యుశాస్త్రము, బయోటెక్నాలజీలలో ఎం.యస్సీ. కలదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము వంటివానికి సి.యు.ఇ.టి., ఐ.ఐ.టి.లకు జామ్ ప్రవేశపరీక్షలు. పిమ్మట సి.యస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించి పరిశోధనలో చేరినవారికి, 2023 జనవరినుండి నిర్ణయించినట్లు, తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు లభించును. నా ప్రశ్నకు సమాధానమిదియే: ఆ చదువు చదువుచుండగనే అన్నము పెట్టును. 1977లో హైదరాబాదున స్థాపించిన సి.సి.యం.బి., 1958లో కూనూరునుండి అచ్చటికి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధనాలయములు మన తెలుగునేలపైనే ఉన్నవి.

అయినను తీపిమాటలు చెప్పి పంపరాదు. డాక్టరేటునకు అయిదారేండ్లు పట్టును. ఆచార్యపదవులు తక్కువ, ఆశించువారెక్కువ. కనుక ఇతర మార్గములను ముందే తెలిసికొనవలెను: టీకాల, ఔషధముల తయారీ, వాని నాణ్యతాపరీక్ష, విత్తన పరిశోధన, అధ్యాపకత్వము. అటవీశాఖపై మక్కువ గలవారు వృక్షశాస్త్రము గాని జంతుశాస్త్రము గాని చదివి, భారత అటవీ సర్వీసు పరీక్షకు కూర్చుండవచ్చును.

తల్లిదండ్రులకొక మనవి. ఫీజు కట్టుటకు ముందు ఆ కళాశాల ప్రయోగశాలను చూడుడు. విద్యార్థి తన చేతులతో పనిచేయునా, లేక దూరమున నిలిచి చూచునా అని అడుగుడు. భవనము అందమునుబట్టి నిర్ణయింపకుడు. పిల్లవానిని ఏ పట్టా కావలెనని గాక, ఏ సంగతి తెలిసికొనగోరుచున్నాడో అడుగుడు. అట్టి కోరిక లేనివానికి ఈ దారి భారము. ఉన్నవానికి ఆలస్యము కూడ సహ్యమే.

మా అమ్మాయి నేడు ఒక పరిశోధనాలయమున నాలుగవ సంవత్సరములోనున్నది. ఒక్కొక్క రాత్రి ఫోనుచేసి, "నాన్నగారూ, ఈ రోజు ప్రయోగము చెడినది" అనును. ఒకప్పుడైనచో, ఉద్యోగమెప్పుడని అడిగియుందును. ఇప్పుడు, "ఎందువలన చెడినదమ్మా?" అని అడుగుచున్నాను. ఆమె అరగంటసేపు చెప్పును. సగము నాకు బోధపడదు. అయినను చివరివరకు వినుచున్నాను.

మీరును వినవలెనని నా ప్రార్థన. సెలవు.