రోగి చేతికి పని

రామచంద్రపురంలో కెనడా మిషనరీ హాచ్ దొరసానిగారు ఆరంభించిన కుష్ఠు ఆశ్రమంలో వంకరపోయిన చేతులను మన పెద్దలు చూచియున్నారు. అటువంటి చేతులకే 1948లో వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ శస్త్రచికిత్స ప్రారంభించారు. బాగున్న కండరాన్ని చచ్చుబడిన వేళ్ళకు మార్చి కట్టారు. అయితే కత్తితో పని తీరలేదు. ఆ కండరానికి కొత్త పని వారాల తరబడి నేర్పాలి. స్పర్శలేని చేయి కాలకుండ కంటితో కాచుకొనుట నేర్పాలి. ఇదే ఆక్యుపేషనల్ థెరపీ. రోగి అన్నం తానే కలుపుకొన్నాడా, గుండీ పెట్టుకొన్నాడా, పనికి వెళ్ళాడా - దీని ఫలితానికి కొలత అదే.

పక్షవాతం వచ్చిన మా నాన్నగారికి మేము ప్రేమకొద్దీ ముద్దలు పెట్టాము. చేయి మరింత బిగుసుకొన్నది. తరువాత ఒక థెరపిస్టుగారు, "కంచం ముందుంచి మీరు ఆగండి" అన్నారు. మెతుకులు చాలా రాలాయి. కొన్ని వారాలకు పెరుగన్నం ఆయనే కలుపుకొన్నారు. చూస్తూ ఆగడం మా అమ్మగారికే కష్టమైంది.