మూసీ ఒడ్డున ముప్పై వేల అక్షరాలు



మన రచయితల సభ జరుగుతున్న ఈ చోటికి దగ్గర్లోనే దారుల్‌షిఫా ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో వైద్యశాలగా కట్టిన భవనం అది. మూసీ దాటితే అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. రోగం గురించి మాట్లాడుకోవడానికి పాతబస్తీ కన్నా తగిన చోటు మన నగరంలో నాకు తోచదు.

2020 ఆగస్టులో మన నగరంలోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నీళ్లు తీసుకెళ్లి పరీక్షించారు. కరోనా సోకినవాళ్ల మలంలో ఆ వైరస్ ఆర్ఎన్ఏ నెలకు పైగా కనిపించవచ్చు. ఆ లెక్కన నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని అంచనా కట్టారు. అప్పటికి రాష్ట్రమంతా కలిపి అధికారికంగా తేలిన కేసులు దాదాపు లక్ష. పరీక్షకు భయపడి తలుపులు వేసుకున్న ఇళ్ల సంగతి కూడా నాలా నీళ్లు చెప్పేశాయి, అదీ ఎవరి పేరూ అడగకుండా.

సోకినవాళ్లెందరో మురుగునీరు చెప్పింది. సోకిన రకమేదో తెలియాలంటే వైరస్ జన్యుక్రమాన్ని అక్షరం అక్షరం చదవాలి. అందులో దాదాపు ముప్పై వేల అక్షరాలు. 2020 డిసెంబర్‌లో కేంద్రం ఈ జన్యుక్రమాలు చదివే ప్రయోగశాలల కూటమి ఇన్సాకాగ్‌ను ఏర్పాటు చేసినప్పుడు మొదటి పది ప్రయోగశాలల్లో రెండు మనవే, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. పాజిటివ్ శాంపిళ్లలో 5 శాతం చదవాలన్నది లక్ష్యం. రెండో అల మీద పడేనాటికి దేశం ఆ లక్ష్యానికి చాలా దూరంలో ఉంది. అది మనం మరిచిపోకూడని లోపం.

యంత్రాల కొరత ఒక్కటే కారణం కాదు. శాంపిల్ ఉన్న ఒక చిన్న గొట్టాన్ని ఊహించుకోండి. గులాబీ రంగు ద్రవంలో మునిగిన పుల్ల, పైన పెన్నుతో రాసిన చీటీ. ఐసు కరిగితే లోపలి ఆర్ఎన్ఏ ముక్కలైపోతుంది. చీటీ తడిసి ఊరి పేరు చెరిగితే, హబ్సిగూడలోని సీసీఎంబీలో ఎంత గొప్ప యంత్రం చదివినా ఆ రకం ఏ వాడలో తిరుగుతోందో చెప్పలేదు. జన్యు నిఘా మొదలయ్యేది స్వాబ్ తీసే నర్సమ్మ చేతిలో, చీటీ రాసే ల్యాబ్ టెక్నీషియన్ చేతిలో. అవార్డుల వేళ వాళ్ల పేర్లు ఎవరూ తలవరు.

ఇక రచయితలుగా మనకు తగిలే విషయానికి వస్తాను. 2021 మేలో ‘ఆంధ్రా స్ట్రెయిన్’ అనే మాట పుట్టింది. వైరస్ కొమ్ము ప్రోటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరజిన్ పోయి లైసిన్ చేరిన మార్పు అది, ఎన్440కె. కర్నూలులో పుట్టిందన్నారు, పదిహేను రెట్లు ప్రమాదమన్నారు. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఢిల్లీ ప్రభుత్వం ఆదేశించింది. నిజానికి ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందనీ, వేరే రకాలు దాని చోటు ఆక్రమిస్తున్నాయనీ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చదివిన జన్యుక్రమాలు చూపించి చెప్పారు. ఆ వివరణ ఎక్కువగా ఇంగ్లీషులోనే వచ్చింది. భయం మాత్రం తెలుగులో, ఉర్దూలో వచ్చింది. అందుకే గెలిచింది. ఆ మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ రకాలకు ఆల్ఫా, డెల్టా అని గ్రీకు అక్షరాల పేర్లు పెట్టింది. ఊరి పేరు రోగానికి తగిలిస్తే ఆ ఊరి మనిషిని వెలివేసినట్టే. ఆ పేర్లు ముందే వచ్చి ఉండాల్సింది.

శాంపిల్ బస్తీ నుంచి వెళ్లింది. జవాబు బస్తీకి తిరిగి రాలేదు. దాన్ని తిరిగి తేవడం మన పని.

అందుకని ఈ సభ తీర్మానాల్లో మొదటిదిగా ఇది చేర్చమని కోరుతున్నాను: మహమ్మారి లేని రోజుల్లో కూడా నగర మురుగునీటి పరీక్షలు ఆపకూడదు. వాటి ఫలితాలను ప్రతి నెలా తెలుగులో, ఉర్దూలో రాసి బస్తీ దవాఖానా గోడ మీద అంటించాలి. అందుకు కావలసిన నాలుగు వాక్యాలు రాసిపెట్టే బాధ్యత మనం తీసుకుందాం.