కారులోని కంటిసాక్షి



సాక్ష్యము విలువను పల్నాటివారికి ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. మాచెర్లకును గురజాలకును నడుమ జరిగిన కోడిపోరులో నాయకురాలు నాగమ్మ మోసము చేసెనా, లేదా అను వాదము ఆ కథ చెప్పుకొనుచోటనెల్ల నేటికిని లేచుచునే యున్నది. ఆ తగవు తుదకు కారెంపూడి రణరంగమునకు దారితీసెనని వీరకథ చెప్పుచున్నది. చూచినవారు పలువురున్నను ఒక్క మాటపై నిలువని తగవు అది.

నేటి రహదారి తగవులును ఇట్టివే. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపై దాచేపల్లి, పిడుగురాళ్లల మీదుగా రేయింబవళ్లు లారీలు నడచుచుండును. మిర్చి కోతల నాళ్లలో గుంటూరు యార్డునకు బస్తాల బండ్లు బారులు తీరును. వెనుక దీపము లేని ట్రాక్టరు చీకటిలో హఠాత్తుగా ఎదురగును. దెబ్బ తగిలిన మరుక్షణమున గుమికూడినవారిలో సగముమంది ఒకరి పక్షము, సగముమంది వేరొకరి పక్షము. నిజముగా చూచినవాడు మాత్రము తన దారిని తాను పోయియుండును. ఈ కొరత తీర్చుటకే కారు ముందద్దమునకు డాష్ కెమెరా అమర్చుకొనువారు నానాట పెరుగుచున్నారు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరముపై ఉల్క పేలినపుడు ప్రపంచమంతయు చూచిన దృశ్యములలో అనేకము ఇట్టి కెమెరాలు పట్టినవే.

అయితే సాక్షిని నిలుపుట సులభము. అవసరమైననాడు ఆ సాక్షి పలుకునట్లు చూచుకొనుట కష్టము. నేడు మేము చెప్పదలచినది దీనిని గురించియే.

మొదట విద్యుత్తు సంగతి. సిగరెట్ లైటరు సాకెట్టులో తీగ గుచ్చినచో కెమెరా పనిచేయును. కాని అనేకమైన కార్లలో తాళము తీయగానే ఆ సాకెట్టు ఆగిపోవును. శివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లకు పోయి, ప్రభలు చూచుటకై కారు నిలిపి వెళ్లినపుడు ఎవరేని గుద్దిపోయినచో కెమెరా నిద్రలో నుండును. అందుచేత పలువురు ఫ్యూజుబాక్సు నుండియే తిన్నగా తీగ లాగించుకొనుచున్నారు. దీనికై అమ్ము హార్డ్‌వైర్ కిట్టు బ్యాటరీలోని 12 వోల్టులను కెమెరాకు కావలసిన 5 వోల్టులకు దించును. దానికి సాధారణముగా మూడు తీగలుండును. ఒకటి ఎల్లప్పుడును కరెంటు ఉండు ఫ్యూజునకు, రెండవది తాళము త్రిప్పినపుడే కరెంటు వచ్చు ఫ్యూజునకు, మూడవది బాడీ ఎర్తునకు. తీగల రంగులు కంపెనీని బట్టి మారును గనుక రంగు చూచి కలుపరాదు. వెంట వచ్చిన పుస్తకము చూచి, మీటరుతో పరీక్షించి కలుపవలెను.

కారు అసలు తీగలను కోసి అతుకు వేయుట తగదు. ఫ్యూజు ట్యాపు అను చిన్న సాధనము కలదు. దాని ద్వారా తీసుకొన్నచో కెమెరా తీగకు వేరుగా తన ఫ్యూజు ఉండును. తీగ ఒరసికొని షార్టు అయినచో ఆ ఫ్యూజే ముందు పోవును, నిప్పు పుట్టదు. ఎయిర్‌బ్యాగు, బ్రేకులు మొదలగు ప్రాణరక్షణ సాధనముల ఫ్యూజుల జోలికి పోరాదు. ఎర్తు తీగను రంగు లేని ఇనుమునకు ఆనునట్లు బోల్టు క్రింద బిగింపవలెను. అద్దము ప్రక్క స్తంభములో ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో తీగ దాని వెనుకగా పోవలెనే గాని ముందుగా పోరాదు. ముందున్నచో సంచి విచ్చుకొనుటకు అడ్డుపడును. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియనుచే చేయించుటయే మేలు. కారుకు హామీ గడువు మిగిలియున్నచో ముందుగా షోరూమువారిని అడుగవలెను.

ఇక ఒక చిన్న లెక్క. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-గంటలదనుకొందము. నిలిపియున్న కారులో కెమెరా 0.3 ఆంపియరు తీసుకొన్నచో దినమునకు 7 ఆంపియర్-గంటలకు పైగా తరుగును. మూడు దినములు కారు కదలనిచో సగమునకు మించి ఖర్చగును. పాత బ్యాటరీ యైనచో అంతకు ముందే సెల్ఫ్ అందుకొనదు. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన స్త్రీని మాచెర్ల నుండి గుంటూరు ఆసుపత్రికి చేర్పవలసిన ఇంట కారు కదలకపోవుట చిన్న సంగతి కాదు. ఇట్టి ఆపద రాకుండుటకే మంచి కిట్టులో వోల్టేజి తగ్గినపుడు కెమెరాను తానే ఆపు ఏర్పాటుండును. దానిని 12.2 వోల్టుల వద్ద ఉంచుడని మా సలహా. అంతకు దిగినచో బ్యాటరీలో సుమారు సగమే మిగిలియుండును. కారు నాలుగైదు దినములు కదలదని తెలిసినచో కెమెరా తీగ ఊడదీయుటయే క్షేమము.

రెండవది సంరక్షణ. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన ప్రక్కనే యున్నది. వేసవిలో మూసిన కారులోపలి వేడి బయటి ఎండకంటె ఎంతో హెచ్చు. లిథియం బ్యాటరీ గల కెమెరాలు ఆ వేడికి ఉబ్బి చెడిపోవచ్చును. కెపాసిటర్ గలవి ఎక్కువగా ఓర్చుకొనును. కొనునపుడే ఈ సంగతి అడుగవలెను. వీలైనపుడెల్ల నీడలో నిలుపవలెను. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దారిలో తిరుగువారు కెమెరా కంటిపై దుమ్మును ముందు ఊది, పిమ్మట మెత్తని గుడ్డతో తుడువవలెను. ఊదకయే రుద్దినచో గీతలు పడును.

మెమరీ కార్డు కెమెరాకు ప్రాణము. అది నిండగానే పాత దృశ్యములపై క్రొత్తవి వ్రాయబడుచుండును. గంటకు 7 గిగాబైట్ల చొప్పున 64 గిగాబైట్ల కార్డులో సుమారు 9 గంటల దృశ్యమే నిలుచును. ఎడతెగని వ్రాతకు ఓర్చునట్టి ‘హై ఎండ్యూరెన్స్’ కార్డునే వాడవలెను. నెలకొకసారి కెమెరాలోనే ఫార్మాట్ చేయవలెను. కుదుపును పసిగట్టు సెన్సరును మన గుంటల దారులలో తక్కువ స్థాయిలో నుంచవలెను. లేనిచో ప్రతి గుంటకును ప్రమాదమని తలచి దృశ్యమును భద్రపరచుచు కార్డు నింపివేయును. గడియారము తేదీ, వేళ సరిగా చూపుచున్నవో లేదో తరచుగా చూడవలెను. వేళ తప్పిన దృశ్యమును ఎదుటి పక్షమువారు సులభముగా ఆక్షేపింతురు.

మూడవది న్యాయస్థానపు సంగతి. 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము, 2023 అమలులోనికి వచ్చినది. దాని 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యముగా చూపునపుడు నిర్ణీతమైన ధ్రువపత్రము జతపరుపవలెను. కనుక ప్రమాదము జరిగినచో ఆపదలోనున్నవారిని చూచిన పిమ్మట కెమెరా ఆపి, కార్డు తీసి భద్రపరుపుడు. ఆపకయే నడిపినచో కావలసిన దృశ్యముపై వేరొక దృశ్యము వ్రాయబడవచ్చును. కార్డును ఏ మార్పును చేయక ఉంచుడు. గాయపడినవారి ముఖములను వాట్సాప్‌లో త్రిప్పుట సాక్ష్యము కాదు, సభ్యతయు కాదు. కారులోని మాటలు కూడ నమోదగుచున్నచో ఆ సంగతి ఎక్కినవారికి ముందే చెప్పుట మర్యాద.

ఆపదలోనున్నవారిని ముందు చూడుడని ఊరక చెప్పలేదు. ప్రమాదములో చిక్కిన బండి డ్రైవరు గాయపడినవారికి వైద్యసహాయము అందునట్లు చూడవలెనని మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను చెప్పుచున్నది. దారిన పోవుచు సద్బుద్ధితో ఆదుకొన్నవారిపై కేసు పడకుండ 2019లో 134ఏ సెక్షను చేర్చబడినది. కెమెరా చూచును గాని చేయి అందింపలేదు. ఆ పని మనదే.

ఈ వారమే ఒకనాడు కారు తీయకముందు కార్డును బయటకు తీసి, నిన్నటి దృశ్యము అందులో స్పష్టముగా నున్నదో లేదో చూడుడు. ఎన్నడును తెరచి చూడని కార్డు నెలల క్రిందటనే చెడియున్నను మనకు తెలియదు.