చలికాలంలో ఇంటి ఈత కొలను – మనం తీసుకోవలసిన జాగ్రత్తలు



ఈ రోజుల్లో కొందరి ఇళ్లలో స్విమ్మింగ్ పూల్ ఉంటోంది. మరికొందరు హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో వాచ్‌మన్‌గా, తోటమాలిగా పనిచేస్తూ పిల్లలతో సహా అక్కడే ఉంటున్నారు. ఈ నాలుగు మాటలు ఇద్దరికీ అవసరమే.

మంచు కురిసే దేశాలలో నీరు గడ్డకడుతుంది కనుక శీతాకాలంలో కొలనును మూసివేస్తారు. మన దగ్గర తెల్లవారుజామున ఎంత చలి వేసినా మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. మనం ఈత మానేస్తాం గాని నాచు, సూక్ష్మక్రిములు, దోమలు పెరగడం మానవు. ఎవరూ దిగడం లేదు కదా అని కొలనును గాలికి వదిలేస్తే అపాయం అక్కడే మొదలవుతుంది.

1. నీరు: మోటారును పూర్తిగా ఆపకండి. వేసవి కంటే తక్కువసేపు నడిపినా చాలు గాని, రోజూ నడపాలి. వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో పరీక్షించండి. పి.హెచ్. 7.2 నుండి 7.8 వరకు, క్లోరిన్ 1 నుండి 3 పి.పి.ఎం. వరకు ఉండాలి. రాలిన ఆకులను వలతో తీసివేయండి. కదలని, క్లోరిన్ లేని నీటిలో దోమ గుడ్డు వారం పది రోజుల్లోనే దోమగా మారగలదు. కొలనుపై కప్పిన పట్టా మీద నిలిచిన వాననీరు కూడా దోమలకు చాలు. నీళ్లన్నీ తోడేసినా అడుగున వాననీరు చేరుతుంది. పైగా ఖాళీ గొయ్యిలో పడితే ఎముకలు విరుగుతాయి.

2. మందులు: బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను ఎన్నడూ కలపకండి. వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మందును నీటిలో వేయాలి, మందు మీద నీరు పోయరాదు. తాళం వేసిన, గాలి ఆడే గదిలో విడివిడిగా ఉంచండి. ఘాటు పీల్చి దగ్గు, ఆయాసం వస్తే వెంటనే బయటి గాలిలోకి వచ్చి, ఆస్పత్రికి వెళ్లండి.

3. పిల్లలు: ఇది అన్నిటికంటే ముఖ్యం. చలికాలంలో కొలను దగ్గర పెద్దవాళ్లెవరూ ఉండరు. మునుగుతున్న బిడ్డ సాధారణంగా కేక వేయలేడు. నీరు పచ్చబడి ఉంటే అడుగు కనిపించదు, అడుగున ఉన్న బిడ్డా కనిపించడు. అందుకే నాలుగు వైపులా కనీసం 4 అడుగుల కంచె, దానంతట అదే మూసుకునే గేటు ఉండాలి. బొమ్మలు, బంతులు కొలను దగ్గర ఉంచకండి. పట్టా కప్పాం కదా అని ధైర్యపడకండి. దాని కింద చిక్కుకున్న బిడ్డ పైకి రాలేడు. బిడ్డ కనిపించకపోతే మొదట కొలనులోనే వెదకండి.

బిడ్డను బయటికి తీశాక తలక్రిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి. ఆ నిమిషాలే ప్రాణం. శ్వాస లేకపోతే ముందు నోటిలోకి ఊపిరి ఊదండి, తరువాత ఛాతీ నొక్కండి. 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ సహాయం వచ్చేవరకు ఆపకండి. ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. బిడ్డ తేరుకున్నట్టు కనిపించినా తప్పక ఆస్పత్రిలో చూపించండి.

ఇంటికి వెళ్లగానే ముందుగా గేటు సరిగా మూసుకుంటోందో లేదో చూడండి. మీరు పనిచేసే చోట కంచె లేకపోతే యజమానికి ఈ సంగతి చెప్పండి.