బోటుకూ కావాలి లైఫ్ సర్టిఫికెట్

(చిల్పూర్‌లో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తరఫున కుటుంబాలతో లక్నవరం విహారయాత్ర అనుకున్నాం. కాకతీయుల నాటి ఆ చెరువుకు వెళ్లి బోటు ఎక్కకుండా తిరిగొస్తే మనవళ్లు ఊరుకోరు. నా సర్వీసంతా బస్సు డిపోలో ఇంజన్ల మధ్యనే గడిచింది కనుక బోటు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

బోటుకు మొదటి శత్రువు నీరే. ఫైబరు బోటు పైపూత పగిలితే ఆ సన్నని గీత గుండా నీరు లోపలి పొరల్లోకి దిగుతుంది. కంటికి కనిపించదు గానీ బరువు పెరుగుతుంది. అందుకే ఏటా ఒకసారైనా గట్టుకెక్కించి, ఆరబెట్టి, పగుళ్లను గీకి రెసిన్‌తో పూడ్చాలి. పూర్వం చెక్క పడవల సందుల్లో నార కుక్కి గుగ్గిలం పట్టించింది ఇందుకే.

బోటు వెనక తగిలించే ఇంజను చెరువు నీటినే పీల్చుకుని చల్లబడుతుంది. నడిచేటప్పుడు దాని పక్కనుంచి సన్నని ధార పడుతుంటుంది. ధార ఆగితే నాచు అడ్డుపడిందనో, లోపలి రబ్బరు పంకా అరిగిందనో అర్థం. గేరాయిలు పాలలా తెల్లబడితే సీలు పోయి నీరు చేరినట్టే.

పాత బోటుకు కొత్త సీట్లు, నీరు తోడే మంచి పంపు వేయించడం మేలే. కానీ పైన మరో అంతస్తు లేపి కుర్చీలు వేస్తే బరువు పైకి చేరుతుంది. జనం ఒక పక్కకు జరిగితే బోటూ ఒరుగుతుంది. మరీ పెద్ద ఇంజను తగిలిస్తే వెనక భాగం కుంగుతుంది. కనుక మార్పు చేసిన బోటుకు మళ్లీ తనిఖీ జరగాల్సిందే.

2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన బోటు కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. 77 మందిలో బతికి బయటపడ్డది 26 మందే. ఎక్కినవారిలో మన కాజీపేట పక్కనున్న కడిపికొండ వాసులూ ఉన్నారు. ఆ దుఃఖం మనం మరువలేదు.

1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. ఇంజను బోట్లకు రిజిస్ట్రేషను, తనిఖీ సర్టిఫికెట్ ఉండాలంటుంది. బతికే ఉన్నామని మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా! బోటునూ అడుగుదాం. ఎంతమందికి అనుమతి ఉందో చూద్దాం. పిల్లల కొలతకు సరిపడే జాకెట్ ఉంటేనే పిల్లల్ని ఎక్కిద్దాం. లేదంటే గట్టు మీద కూర్చుని పులిహోర తిని వద్దాం. అదీ విహారమే!